ఎండాకాలం మధ్యాహ్నాలు ఎవరివి?

మే నెలలో పొద్దున పదకొండు దాటితే బెజవాడ రోడ్ల మీద మనుషులు పలచబడతారు. గవర్నర్‌పేటలో కొట్లవాళ్ళు షట్టర్లు సగానికి దించుకుంటారు. ఆటోవాళ్ళు ఎక్కడ చెట్టు నీడ దొరికితే అక్కడ ఆపుకుని వెనక సీట్లో నడుం వాలుస్తారు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండ, గుణదల కొండ పగలంతా కాగి, ఆ వేడిని రాత్రి పొద్దుపోయేదాకా ఊరి మీదకి వదులుతూనే ఉంటాయి. ఇక రోహిణీ కార్తె వచ్చిందంటే, అంటే మే 25 ప్రాంతం నుంచి జూన్ మొదటి వారం దాటేదాకా, మధ్యాహ్నం పన్నెండుకీ నాలుగున్నరకీ మధ్య బయట కనిపించేది పొట్టకూటి కోసం తప్పనిసరిగా తిరిగేవాళ్ళే. వాళ్ళకి ముందు కావలసింది నీడా, మంచినీళ్ళూ. నేను రాస్తున్నది ఆ వేళ ఇంట్లో ఫ్యాను కింద కూర్చోగలిగిన మా బోటి కుటుంబాల గురించి.

మా బోటి ఇళ్ళలో ఏడాది మొత్తం మీద ఇంటిల్లిపాదీ ఎక్కడికీ పరుగెత్తకుండా ఒక కప్పు కింద ఉండే వేళ ఇదొక్కటే. పిల్లలకి బడి లేదు, చుట్టాలు ఎండకి భయపడి రారు, బజారు పని సాయంత్రానికి వాయిదా. పుస్తకం చదువుకోడానికి మన వాతావరణం మనకి ఇచ్చిన కాలం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ గంటలు ఇంట్లో మగవాళ్ళకి దక్కినట్టు ఆడవాళ్ళకి దక్కడం లేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ అవి సమానంగా దక్కితే కాపురం ఎలా ఉంటుందో నేను అనుభవించాను కాబట్టే ఈ మాట ఇంత పట్టుగా అంటున్నాను.

అది అనుభవించింది మాత్రం ఎండలో కాదు, మంచులో.

పెళ్ళయిన కొత్తలో మావారి ఉద్యోగం కోసం అమెరికాలో మిన్నెసోటాకి వెళ్ళాం. మిన్నియాపొలిస్‌కి దగ్గర్లో చాలా ఏళ్ళు కాపురం చేశాం. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మనకి డిసెంబర్‌లో పగలు దాదాపు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. ఆ తేడా పంచాంగం చూసేవాళ్ళకి తప్ప ఎవరికీ పట్టదు. మిన్నియాపొలిస్ 45 డిగ్రీల మీద ఉంది. అక్కడ డిసెంబర్ చివర్లో పగలు 9 గంటలు కూడా ఉండదు, జూన్‌లో పదిహేనున్నర గంటలు ఉంటుంది. వేసవిలో రాత్రి తొమ్మిదికి పిల్లలు వీధిలో సైకిళ్ళు తొక్కుతుంటే, పడుకోబెట్టడం ఎలాగో తెలిసేది కాదు. సెప్టెంబర్ చివర్లో ఆకుల రంగు మొదలవుతుంది. పగలు కురచవుతున్నకొద్దీ చెట్టు పత్రహరితం తయారుచేయడం ఆపేస్తుంది. అప్పుడు ఆకులో ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ ఎరుపు మాత్రం ముందునుంచీ ఉన్నది కాదు, ఆకులో మిగిలిన చక్కెర నుంచి ఆ చివరి రోజుల్లో కొత్తగా పుడుతుంది. రాలిపోయే ముందు ఆకు రంగు తయారుచేసుకుంటుందని తెలిశాక ఆ చెట్ల కింద నుంచి మామూలుగా నడిచి వెళ్ళలేకపోయేదాన్ని.

నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఐదు కొట్టేలోపే పొద్దు గుంకుతుంది. ఇండియాతో తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నర అవుతుంది కాబట్టి, అమ్మ కాఫీ తాగే వేళకి చేసే ఫోన్ మేం గంట ముందుకి జరుపుకునేవాళ్ళం. తర్వాత మంచు. చెరువులు గడ్డకట్టి, వాటి మీద కార్లు నడుపుతారు, గుడిసెల్లాంటివి వేసుకుని మంచుకి రంధ్రం చేసి చేపలు పడతారు. 2019 జనవరి చివర్లో చలి సున్నాకి కింద 33 డిగ్రీల సెల్సియస్‌కి వెళ్ళింది. ఎలాంటి వాతావరణంలోనైనా ఉత్తరాలు పంచే పోస్టుమన్లు కూడా ఆ చలికి రాలేదు. కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పేరుకోవడం చూసి మా అమ్మాయి ఏడ్చింది.

చలికాలం గురించి అందంగా చెప్పేవాళ్ళు ఉంటారు. నేను చెప్పను. ఐదు నెలలు నేల కనపడని చోట మనసు కుంగుతుంది. వెలుతురు తగ్గితే కొందరికి వచ్చే ఆ దిగులుని 1984లోనే డాక్టర్లు ఒక జబ్బుగా గుర్తించి పేరు పెట్టారు. నాకు మార్చి వచ్చేసరికి ఒక్క మొలక కనిపిస్తే చాలనిపించేది. వచ్చేది మాత్రం ఇంకో మంచువాన. అక్కడ మనుషులు గట్టివాళ్ళు, ఓర్చుకుంటారు. నేను ఓర్చుకోగలిగింది పుస్తకాల వల్ల.

ఐదింటికి చీకటి పడితే పడుకునేదాకా ఐదారు గంటలు. ఎవరూ రారు, మనం ఎక్కడికీ పోం. వంట ఒక కూరా, చారూ. ఇండియా నుంచి వచ్చేటప్పుడు 23 కిలోల పెట్టెలు మనిషికి రెండు. ఆవకాయ, కారప్పొడి, కందిపొడి, చీరలు పోగా మిగిలిన చోట్లో పుస్తకాలు కుక్కేదాన్ని. బెజవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల కొట్లలో వాన పడితే పట్టా కప్పే గుట్టల్లోంచి ఏరుకున్నవి, ఏలూరు రోడ్డు షాపుల్లో కొన్నవి. మావారు గుంటూరులో ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నారు. తెలుగు చదవగలరు కానీ కూడబలుక్కుంటూ చదవడంతో విసుగొచ్చి వదిలేసేవారు. అందుకని నేను పైకి చదివేదాన్ని, ఆయన సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతూ వినేవారు. గిన్నెలు అయిపోయినా అధ్యాయం అవకపోతే గట్టు తుడుస్తూ ఉండేవారు.

ఒకసారి ఏదో కథలో ఒక పెద్దాయన కొడుకులకి చెప్పకుండా పొలం అమ్మేస్తాడు. నాకు కోపం వచ్చింది. "కన్నపిల్లలకి చెప్పకుండా అమ్మడానికి ఆయనకి హక్కెక్కడిది?" అన్నాను. మావారు చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని, "చెప్పే మొహం లేక అమ్మి ఉంటాడు," అన్నారు. అక్కడితో పుస్తకం పక్కకి పోయింది. ఆయన పదో క్లాసులో ఉండగా మిర్చి ధర పడిపోయింది. ధర మళ్ళీ లేస్తుందని మామగారు బస్తాలు గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. ధర లేవలేదు, అద్దె పెరిగింది. చివరికి యార్డులో అమ్మితే వచ్చిన డబ్బు అప్పుకీ అద్దెకీ చాలక, కాలవ పక్క ఎకరం ఎవరికీ చెప్పకుండా రాసిచ్చేశారు. ఇంట్లో ఆ సంగతి బయటపడ్డ రోజు మామగారు అన్నం తినలేదట. కొన్నేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి నోట ఈ విషయం నేను మొదటిసారి విన్నాను. డబ్బు దగ్గర ఆయనకి అంత భయం ఎందుకో, క్రెడిట్ కార్డు బిల్లు రాగానే ఎందుకంత టెన్షన్ పడతారో ఆ రాత్రి తెలిసింది. "మీ నాన్నగారి గురించి చెప్పండి" అని నేను అడిగి ఉంటే చెప్పేవారు కాదు. ఎవరో ఊహించి రాసిన పెద్దాయన మా ఇంట్లోకి వచ్చి ఆ పని చేశాడు.

అందుకే, "ఇద్దరూ చెరో పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఇక మాట్లాడుకునేదెప్పుడు?" అని ఎవరైనా అంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. పెళ్ళయి పదేళ్ళు దాటిన ఇళ్ళలో మొగుడూ పెళ్ళాం రోజూ మాట్లాడుకునేవి ఏమిటి? ఈఎమ్‌ఐ, పిల్లల మార్కులు, గ్యాస్ బుక్ చేశావా, మీ అక్క ఫోన్ చేసిందా. ఇవి అవసరమైన మాటలే, వీటితోనే ఇల్లు నడుస్తుంది. కానీ ఇవి మాత్రమే మిగిలితే ఇద్దరూ ఒకరికొకరు కొత్తగా తెలియడం ఆగిపోతుంది. పుస్తకంలో మనుషులకి మన ఇంటి గొడవలతో సంబంధం లేదు. వాళ్ళ మీద నెపం పెట్టి అభిప్రాయం చెప్పుకోవచ్చు, పోట్లాడుకోవచ్చు. నిజానికి మనం చెప్పుకునేది మన గురించే. నేరుగా అడిగితే మొహం చాటేసే మగవాడు కథ మీద నోరు విప్పుతాడు. ఇది నేను మా ఇంట్లోనే కాదు, నాలాగే చదివే ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళ ఇళ్ళలో కూడా చూశాను.

ఇంకొకటి కూడా ఉంది. ఇద్దరూ వేరు వేరు పుస్తకాలు చదువుతూ ఒకే గదిలో గంటసేపు మాట్లాడకుండా ఉండగలగడం. మావారు చరిత్ర, ఆర్థికం చదువుతారు. నేను కథలు, నవలలు, ఆత్మకథలు. ఆయన నెమ్మది, నేను వేగం. పుస్తకంలో పెన్సిల్ గీతలు పెట్టే ఆయన అలవాటు నాకు ససేమిరా గిట్టదు, ఇప్పటికీ అదే గొడవ. అయినా ఆ గంట మౌనంలో నాకు ఒంటరితనం ఎప్పుడూ అనిపించలేదు. కోపంతో మాట్లాడుకోని మౌనం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఈ మౌనం విలువ తెలుస్తుంది.

విదేశాల్లో ఉండొచ్చినవాళ్ళు తరచుగా ఒక మాటంటారు, "వాళ్ళకి చదివే సంస్కారం ఉందండీ, మనవాళ్ళకి లేదు" అని. ఈ మాట తప్పు. నేను చూసినంతలో అక్కడివాళ్ళ చేతుల్లోనూ ఫోన్లే ఉన్నాయి. వాళ్ళకున్న సౌకర్యం వేరు. మా పేటలోని లైబ్రరీ పగలంతా తెరిచి ఉండేది. చలిలో బయట తిరగలేని ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు అక్కడికే వచ్చి వెచ్చగా కూర్చునేవారు. పొద్దస్తమానం వంటింట్లో నిలబడాల్సిన భోజనం కాదు వాళ్ళది. వీటికి తోడు చలి తలుపులు మూసి పెట్టేది. ఎవరికైనా వేళ, చోటు, పుస్తకం మూడూ ఒకచోట దొరికితే చదువుతారు. మనవాళ్ళూ చదివారు, దానికి సాక్ష్యం మా అత్తగారే.

తిరిగొచ్చి సత్యనారాయణపురంలో అత్తగారితో కలిసి ఉండడం మొదలుపెట్టాక నాకు అర్థమైన మొదటి విషయం, మా ఇద్దరిలో చదువు ఆగిపోయింది నాకేనని. మావారు మారలేదు, మంచివారే, అక్కడ గిన్నెలు కడిగిన మనిషే. కానీ ఇక్కడ ఆయన సింకు దగ్గరికి వెళ్తే పనమ్మాయి నవ్వుతుంది, పక్కింటావిడ చూస్తుంది, అత్తగారు "నువ్వు లే నాన్నా" అంటారు. ఆయన పొద్దున్నే పేపరు పట్టుకుంటే ఇంట్లో అందరం అడుగు మెల్లగా వేస్తాం. మధ్యాహ్నం భోజనమయ్యాక పుస్తకంతో మంచమెక్కితే తలుపు దగ్గరగా వేస్తాం. నేను పుస్తకం తెరిస్తే మాత్రం నన్ను ఖాళీగా ఉన్నట్టే లెక్కేస్తారు. ఆ క్షణంలోనే బీరువా తాళంచెవి ఎక్కడుందో కావాలి, మజ్జిగ కావాలి, ఫోన్ ఛార్జర్ కావాలి. ఎవరూ కావాలని చేయరు. చదివే ఆడమనిషిని పిలవకూడదని ఎవరికీ నేర్పలేదు, అంతే.

వేసవి మధ్యాహ్నం సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెలంటే ఆవకాయ. మామిడికాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించుకొచ్చి, టెంక పొర తీసి, ఆవపిండి, కారం ఎండబెట్టి, జాడీలు సిద్ధం చేసి. తర్వాత వడియాలు, అప్పడాలు. ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది వీటికి. పుస్తకం చదువుకోడానికి మనకి దక్కిన ఆ ఒక్క కాలాన్నే ఆడవాళ్ళ చేత ఏడాదికి సరిపడా పని చేయించుకోడానికి వాడుకున్నాం. ఆవకాయ మీద నాకు కోపం లేదు, అది లేకుండా నాకు ముద్ద దిగదు. తినే అందరూ ముక్కలు తుడవడానికి కూర్చుంటే ఆ పని ఒక పూటలో అయిపోతుంది.

ఇది మా ఇంటి సంగతి మాత్రమే అయితే రాసేదాన్ని కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా జనం రోజులో దేనికి ఎంత సమయం ఖర్చుపెడతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని ఆడవాళ్ళలో 81 శాతం మంది చేస్తున్నారు, మగవాళ్ళలో 26 శాతం. ఆ చేసేవాళ్ళలో కూడా ఆడవాళ్ళు సగటున రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చేస్తే ఆడవాళ్ళది 289కి వచ్చింది. ఐదేళ్ళలో పది నిమిషాలు తగ్గింది. పది నిమిషాల్లో ఎన్ని పేజీలు చదవొచ్చో మీరే చూసుకోండి.

"నిజంగా చదవాలనుకునేవాళ్ళకి టైం అదే దొరుకుతుంది" అని చాలామంది అంటారు. మా అత్తగారు నిజంగానే చదవాలనుకున్నారు, ఆవిడకి టైం ఎలా దొరికిందో చెప్తాను. తెనాలి దగ్గర పల్లెలో ఆవిడ కాపురం. వారపత్రికల్లో సీరియళ్ళు జోరుగా నడిచిన రోజులు. అద్దెకి పుస్తకాలిచ్చే కొట్టు నుంచి ఆడపడుచు తెచ్చి, రాత్రికి ఆవిడకిచ్చేది. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో చిన్న బల్బు వేసుకుని, వెలుతురు బయటికి కనపడకుండా తలుపు సందుకి గుడ్డ పెట్టి చదివేవారు. పొద్దున నాలుగింటికి లేవాలి. పత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసి బైండు చేసుకునేవారు. అవి బియ్యం డబ్బా వెనక ఉండేవట. "నేను చదివినవన్నీ దొంగతనంగా చదివినవే అమ్మాయ్. మీ మామగారు తిట్టేవారు కాదు. కానీ పగలు చదివితే పనిలేనిదాన్నని అనుకుంటారేమోనని నాకే భయం," అన్నారు ఒకరోజు. నిద్ర మానుకుని చదివిన మనిషిని చూపించి "టైం దొరికింది" అనడం నాకు న్యాయంగా తోచదు. ఆవిడ కళ్ళ కింద నలుపు అప్పటి నుంచే ఉందట.

అంతకు ముందు కాలంలో ఇంకా కష్టం. భండారు అచ్చమాంబ గారు పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, పెనుగంచిప్రోలులో, 1874లో. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆవిడ దగ్గర ఉండి చదువుకుంటుంటే ఆయన సాయంతో చదువు నేర్చుకుని, తొలి తెలుగు కథకుల్లో ఒకరయ్యారు. 1902లో బందరులో ఆడవాళ్ళ కోసం సమాజం పెట్టారు. 1905లో, ముప్ఫై దాటిన కొద్ది కాలానికే పోయారు. ఇంట్లో పక్కన కూర్చోనిచ్చిన ఒక్క మగపిల్లాడి వల్ల ఆవిడ చదువుకోగలిగారు. నా వాదన అంతా ఇక్కడే ఉంది. ఇంట్లో చదివే ఆడమనిషికి వేళ ఇవ్వగలిగేది పక్కనున్న మగవాడే, ఎందుకంటే ఆ వేళ ఇప్పుడు అతని దగ్గర ఉంది. సంసారంలో ప్రేమ చూపించడానికి పూలు, చీరలు, హోటళ్ళు అంటుంటారు. నాకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ పిలవకుండా చూసే మనిషి కావాలి.

మావారితో ఈ విషయం కూర్చుని మాట్లాడాను. కోపంగా కాదు. "అక్కడ ఉన్నట్టు ఇక్కడ ఎందుకు ఉండలేకపోతున్నామండీ?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "అక్కడ ఎవరూ చూడలేదు," అన్నారు. ఆ జవాబులో నిజాయితీ ఉంది. ఇప్పుడు చూస్తుండగానే చేస్తున్నారు. వేసవిలో మా ఇంట్లో వంట పొద్దున తొమ్మిదిన్నరకల్లా అయిపోతుంది, ఎండ ముదిరాక వంట పెట్టుకోం. భోజనాలయ్యాక బల్ల తుడిచేది, గిన్నెలు సర్దేది, ఫోన్లు తీసేది, గుమ్మంలో ఎవరైనా వస్తే మాట్లాడేది ఆయన. నాలుగింటికి టీ కూడా ఆయనే. అత్తగారు మొదట నొచ్చుకున్నారు. తర్వాత తన కళ్ళద్దాలు తెచ్చుకుని మా గదిలోనే పడక కుర్చీ వేయించుకున్నారు. ఆవిడకి ఇప్పుడు చిన్న అక్షరాలు కనపడవు. అందుకని ఒక గంట మావారు ఆవిడకి పైకి చదువుతారు. కూడబలుక్కుంటూనే, కానీ ఇదివరకటికన్నా బాగా. తప్పు చదివితే ఆవిడ కళ్ళు మూసుకునే దిద్దుతారు.

పుస్తకాలని దాచుకోవడం కూడా ఈ ఊళ్ళో అంత తేలిక కాదని 2024 సెప్టెంబర్ నేర్పింది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు పేటలకి పేటలే మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, ఆ బ్యారేజీ కట్టాక ఇదివరకెన్నడూ అంత రాలేదు. సింగ్‌నగర్‌లో మా దూరపు చుట్టం ఒకావిడ ఇంట్లో కింది అంతస్తు మునిగింది. ఫ్రిజ్, మంచాలు, బీరువా పోయాయి, వాటికి ఆవిడ ఏడవలేదు. వాళ్ళమ్మ కుట్టి పెట్టిన సీరియల్ బైండ్లు రెండు పెట్టెలు బురదలో ముద్దయిపోయాయని చెప్తూ ఏడ్చింది. ఆ పత్రికలు మళ్ళీ దొరకవు. దొరికినా వాళ్ళమ్మ కుట్టు దొరకదు. మా అత్తగారి బైండ్లు ఆ వారమే తీసి అటక మీద ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టించాం.

ఇళ్ళు చేయగలిగింది ఇంతవరకే. ఊరు చేయాల్సింది కూడా ఉంది, అది అడగకుండా ఆపలేను. గ్రంథాలయాల విషయంలో ఈ ఊరికి చాలా పెద్ద చరిత్ర ఉంది. రామమోహన గ్రంథాలయం ఇక్కడ 1911లో మొదలైంది. ఆంధ్రదేశపు మొట్టమొదటి గ్రంథాలయ మహాసభ 1914లో బెజవాడలోనే జరిగింది. దాని వెనక అయ్యంకి వెంకటరమణయ్య గారు ఉన్నారు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలని పడవలోకి ఎక్కించి, కొల్లూరు వైపు కాలవ వెంట ఊరూరా తిప్పారు. పుస్తకం దగ్గరికి మనిషి రాలేకపోతే పుస్తకమే మనిషి దగ్గరికి వెళ్ళాలని వాళ్ళకి ఆనాడే తెలుసు. 1960 చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. ప్రతి ఇల్లాలి ఇంటి నుంచీ ఆ డబ్బు వెళ్తోంది.

మరి ఆ గ్రంథాలయాలు ఎప్పుడు తెరుస్తారు? చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు ఉంటాయి, మధ్యాహ్నం మూసేస్తారు. పొద్దున ఎనిమిదింటికి ఏ ఇల్లాలు వెళ్ళగలదు? క్యారేజీలు కట్టే వేళ అది. సాయంత్రం పిల్లలొచ్చే వేళ, వంట వేళ. ఆవిడకి కాస్తో కూస్తో వీలయ్యే మధ్యాహ్నం తలుపుకి తాళం. వెళ్ళినా లోపల పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళతో బల్లలు నిండిపోయి ఉంటాయి. వాళ్ళకి అది అవసరం, వాళ్ళని లేపమని నేననను. చోటు పెంచమంటున్నాను. జనవరిలో పుస్తక మహోత్సవానికి ఈ ఊరి ఆడవాళ్ళు ఎలా వస్తారో చూడండి. పిల్లల్ని చంకనేసుకుని, సంచులు పట్టుకుని, పుస్తకం వెనక ధర చూసి, పెట్టేసి, ఇంకో చుట్టు తిరిగొచ్చి మళ్ళీ తీసుకుంటారు. చదివేవాళ్ళు లేరని వాళ్ళని చూసి ఎవరైనా అనగలరా?

అందుకని మా పేట ఆడవాళ్ళం కొందరం జిల్లా గ్రంథాలయ సంస్థకి ఇవ్వడానికి ఒక అర్జీ రాస్తున్నాం. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ శాఖా గ్రంథాలయాల్ని మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా తెరవాలి. దానికి మనుషుల్ని వేయాలి, ఉన్నవాళ్ళ మీదే ఆ నాలుగు గంటలూ రుద్దకూడదు. ఫ్యాన్లు తిరగాలి, కుండలో మంచినీళ్ళు ఉండాలి, శుభ్రమైన బాత్రూం ఉండాలి. ఎండలో పనిచేసి నీడ కోసం వచ్చినవాళ్ళని చదవడం రాదని పంపేయకూడదు. ఆడవాళ్ళకి విడిగా ఒక బల్ల, పిల్లలు కింద కూర్చోడానికి చాప. పెద్ద అక్షరాల పుస్తకాలు కొన్ని. మా అత్తగారు అర్జీ మొత్తం మావారి చేత పైకి చదివించుకుని, ఒక్క వాక్యం కలపమన్నారు. తెలుగు నవలల బీరువా మేడ మీద ఉంటే తనలాంటివాళ్ళు ఎక్కలేరట, దాన్ని కింది గదిలోకి దింపమని రాయమన్నారు. రాశాం, మొదటి సంతకం ఆవిడదే.